చేసినది ఎరుగుటయే కృతజ్ఞత

అమెరికా సంయుక్త రాష్ట్రములలో నవంబరు మాసపు నాలుగవ గురువారము థాంక్స్‌గివింగ్ పండుగ. సంక్రాంతికి తెలుగునాట బిడ్డలందరు సొంత ఊరు చేరినట్లు, ఆనాడు ఆ దేశీయులు ఎంత దూరమున నున్నను తలిదండ్రుల ఇల్లు చేరుదురు. టర్కీ కోడి మాంసము, మొక్కజొన్న, గుమ్మడికాయతో చేసిన తీపి వంటకము బల్లమీదికి వచ్చును. ఆ ఏడు తమకు కలిగిన మేలును తలచుకొని, ఒకరికొకరు చెప్పుకొని, పిమ్మట భోజనమునకు కూర్చుందురు. కానుకలు లేవు, ఊరేగింపు విగ్రహములు లేవు. ఇంటివారందరు ఒకచోట తినుటయే పండుగ. ఇంత మంచి పండుగను గూర్చి తగవేమియని తెలుగు పాఠకునకు తోచుట సహజము.

తగవు పండుగను గూర్చి కాదు, పండుగకు ముందు బడిలో చెప్పు పాఠమును గూర్చి. ఆ దినములలో ప్రాథమిక పాఠశాలలందు ఒక చిన్న నాటకమాడుట చిరకాలపు ఆచారము. సగము మంది పిల్లలు నల్ల కాగితముతో పొడవాటి టోపీలు కత్తిరించుకొని ‘పిల్గ్రిములు’ అగుదురు. మిగిలిన సగము రంగు కాగితపు ఈకలు తలకు కట్టుకొని ‘ఇండియనులు’ అగుదురు. ఇరుపక్షములు ఒక బల్లచుట్టు కూర్చుండి ఫలహారము పంచుకొనుటతో కథ సమాప్తము.

2008లో కాలిఫోర్నియా రాష్ట్రమందలి క్లేర్‌మాంట్ పట్టణమున ఈ ఆచారము రచ్చకెక్కినది. అచటి రెండు బడుల పసిపిల్లలు దాదాపు నలువది యేండ్లుగా ఇట్లే వేషములు ధరించి ఒకరినొకరు విందునకు పిలుచుకొనుచుండిరి. ఆదివాసి సంతతికి చెందిన ఒక తల్లి ఇది తన జాతిని పరిహసించుటయే యని లేఖ వ్రాయగా, అధికారులు విందును ఉంచి వేషములను మాన్పించిరి. కొందరు తలిదండ్రులు కినిసి, పట్టుబట్టి, బిడ్డలకు వేషములు వేసియే పంపిరి. బడి వాకిట రెండు పక్షములవారు ఎదురుబడి వాదులాడిరి.

అయిదేండ్ల పసివారి కాగితపు టోపీలకై పెద్దలు ఇంతగా కలహింపవలెనా యని నవ్వువచ్చును. కాని ఒక జాతి తన పుట్టుకను గూర్చి బిడ్డలకు ఏ కథ చెప్పవలెను, దానిని ఎచట మొదలుపెట్టి ఎచట ముగింపవలెను అనునదే ఆ కలహమునందలి అసలు ప్రశ్న. ఈ ప్రశ్న నవ్వి విడువదగినది కాదు.

బడిలో చెప్పు కథ మిక్కిలి క్లుప్తము. మతస్వాతంత్ర్యమును కోరిన పిల్గ్రిములు మేఫ్లవర్ అను ఓడనెక్కి 1620లో అమెరికా తీరమును చేరిరి. చలికి, ఆకలికి అల్లాడిరి. దయగల ఇండియనులు వారికి మొక్కజొన్న నాటుట నేర్పిరి. పంట చేతికి రాగా ఇరువురు కలిసి విందారగించిరి. అదియే మొదటి థాంక్స్‌గివింగ్. ఇచట తెర పడును.

ఈ కథలో పచ్చి అబద్ధములు తక్కువయే. విందు జరిగిన మాట నిజము. దానికి సాక్ష్యము 1621 డిసెంబరులో ఎడ్వర్డ్ విన్‌స్లో అను వలసవాడు ఇంగ్లండులోని మిత్రునకు వ్రాసిన లేఖలో కలదు. ఆ లేఖ 1622లో లండను నగరమున అచ్చయినది. విందును గూర్చి అందున్నది ఒక చిన్న పేరా మాత్రమే. కోతలైన పిదప గవర్నరు నలుగురిని పక్షుల వేటకు పంపెను. వలసవారు తుపాకులు పేల్చి వినోదించిరి. మాససాయిట్ అను ప్రభువు తొంబదిమంది మగవారితో వచ్చెను. మూడు దినములు విందు సాగెను. వచ్చినవారు అయిదు జింకలను వేటాడి తెచ్చి యిచ్చిరి. ఇంతకుమించి లేదు. వారు పిలువగా వచ్చిరో, తుపాకుల మ్రోత విని వచ్చిరో అందు స్పష్టము కాదు. టర్కీ కోడి పేరైన లేదు. కృతజ్ఞతార్పణమను మాటయు లేదు. ఆ మతస్థులకు కృతజ్ఞతా దినమనగా విందు కాదు, ప్రార్థన. అట్టి దినమును ప్లిమత్‌వారు 1623లో అనావృష్టి తీరి వాన కురిసినప్పుడు జరుపుకొనిరి.

మరియొక లెక్క గమనింపదగినది. మేఫ్లవర్ మీద వచ్చిన 102 మందిలో దాదాపు సగము మంది మొదటి చలికాలముననే గతించిరి. విందునాటికి మిగిలినవారు ఇంచుమించు ఏబదిమంది. వచ్చినవారు తొంబదిమంది. అనగా ఆనాటి విందులో అతిథులే అధికులు. కాని ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో ఫెరిస్ అను చిత్రకారుడు వ్రాసిన ప్రసిద్ధ చిత్రములో పిల్గ్రిములు నిండుగా నిలిచియుండగా ఆదివాసులు నేలపై కూర్చుండి పెట్టినది పుచ్చుకొనుచుందురు. వారి తలలపై నున్న ఈకల కిరీటములు సముద్రతీరపువారివి కావు, ఎంతో దూరమున పడమటి మైదానములలో నివసించు తెగలవి. బడి పిల్లల కాగితపు ఈకలు అట్టి చిత్రముల చలువయే.

అయినను కథలోని అసలు దోషము ఈ చిన్న తప్పులలో లేదు. దాని ముందు భాగమును, వెనుక భాగమును కత్తిరించుటలో ఉన్నది.

ముందు భాగమేమి? ప్లిమత్ పట్టణము శూన్యప్రదేశమున వెలసినది కాదు. అది పటక్సెట్ అను గ్రామము, వాంపనోగ్ జాతివారిది. 1616 మొదలు 1619 వరకు ఆ తీరమున ఒక మహామారి వ్యాపించినది. ఐరోపావారి ఓడలతో వచ్చిన ఆ వ్యాధికి గ్రామములకు గ్రామములే తుడిచిపెట్టుకొని పోయినవి. పటక్సెట్‌లో మనుష్యుడన్నవాడు మిగులలేదు. పిల్గ్రిములు దిగినప్పుడు చెట్లు నరికి చదును చేసిన పొలములు వారికి సిద్ధముగా దొరకినవి. నేల చదును చేసినవారు ఆ నేలలోనే ఉండిరి. ఆ చలికాలపు తొలి దినములలో వలసవారు పాతరలలో దాచిన మొక్కజొన్నను త్రవ్వి తీసికొనుటయు, సమాధులను తెరచుటయు వారు స్వయముగా వ్రాసికొనిన విషయములే.

పాఠ్యపుస్తకములలో చిరునవ్వుతో మొక్కజొన్న నాటుట నేర్పు ‘స్క్వాంటో’ను ప్రతి బాలుడు ఎరుగును. అతని పేరు టిస్క్వాంటం. 1614లో థామస్ హంట్ అను ఓడనాయకుడు పటక్సెట్‌వారిని మోసగించి ఓడనెక్కించుకొని, స్పెయిన్ దేశమునకు కొనిపోయి బానిసలుగా అమ్మజూపెను. వారిలో టిస్క్వాంటం ఒకడు. అతడు ఎట్లో ఇంగ్లండు చేరి, ఆ భాష నేర్చి, 1619లో స్వస్థలమునకు తిరిగి వచ్చెను. వచ్చుసరికి ఊరు లేదు, తనవారు లేరు. ఆ ఊరిలో పరాయివారు ఇండ్లు కట్టుకొనగా వారికే వ్యవసాయము నేర్పెను. అతనికి ఇంగ్లీషు ఎట్లు వచ్చినదని తరగతిలో ఏ చురుకైన పిల్లవాడైన అడిగినచో, ఉపాధ్యాయుడు పుస్తకమైన మూయవలెను, కథనైన మార్చవలెను.

మాససాయిట్ అనునది బిరుదు. ఆ ప్రభువు పేరు ఊసమెక్విన్. అతడు 1621 మార్చిలో వలసవారితో సంధి చేసికొనినది కేవలము దయచేత కాదు. మహామారి తన ప్రజలను ఊడ్చివేసెను. పడమట నున్న నారగాన్సెట్ జాతివారు ఆ వ్యాధిబారిన పడక బలవంతులై యుండిరి. అట్టి తరుణమున తుపాకులు గల క్రొత్తవారి స్నేహము అతనికి అవసరము. వలసవారికో, అతని స్నేహము ప్రాణావసరము. బడి కథలోని ఇండియనులు కారణము లేకయే మంచివారు. చరిత్రలోని ఊసమెక్విన్ ఆలోచన గల రాజు. మొదటిదానికంటె రెండవదియే మనిషికి గౌరవము.

ఇక వెనుక భాగము. ఊసమెక్విన్ బ్రతికియున్నంత కాలము సంధి నిలిచినది. వలసవారి సంఖ్య పెరిగినకొలది వాంపనోగుల భూమి తరిగినది. విందు జరిగిన 54 సంవత్సరములకు, 1675లో, ఊసమెక్విన్ కుమారుడు మెటకామ్ నాయకత్వమున యుద్ధము రేగినది. 1676 ఆగస్టులో మెటకామ్ హతుడయ్యెను. అతని శిరస్సును ప్లిమత్‌లో కొయ్యకు గ్రుచ్చి ఏండ్ల తరబడి నిలిపిరి. అతని కుమారుని, మరి వందలాది బందీలను బానిసలుగా అమ్మివేసిరి. విందు పెట్టిన ఊరిలోనే, విందారగించిన రాజు కుమారుని తల కొయ్యపై నిలిచినది. ఈ రెండింటిలో మొదటిదానిని మాత్రము చెప్పి రెండవదానిని దాచిన పాఠమును చరిత్ర పాఠమనుట ఎట్లు?

మరి ఈ కత్తిరింపు ఎప్పుడు జరిగినది? 1621 నాటి విందు రెండు వందల యేండ్లపాటు ఎవరికిని పట్టలేదు. 1841లో అలెగ్జాండర్ యంగ్ అను మతాచార్యుడు విన్‌స్లో లేఖను మరల అచ్చొత్తించుచు, ఇదియే మొదటి థాంక్స్‌గివింగ్ అని అడుగున ఒక వివరణ చేర్చెను. 1789లో జార్జి వాషింగ్టన్ చేసిన ప్రకటనలో గాని, అంతర్యుద్ధము నడుమ 1863లో అబ్రహాం లింకన్ చేసిన ప్రకటనలో గాని పిల్గ్రిముల ప్రసక్తియే లేదు. లింకన్ ప్రకటన వెనుక సారా జోసెఫా హేల్ అను పత్రికా సంపాదకురాలి చిరకాల కృషి కలదు. ముక్కలైన దేశమును ఒక బల్లచుట్టు కూర్చుండబెట్టుట ఆమె ఆశయము. పందొమ్మిదవ శతాబ్ది చివర ఐరోపా నలుమూలల నుండి లక్షలమంది వలస రాగా, వారి బిడ్డలను అమెరికనులుగా తీర్చుటకు బడులకు ఒక సులభమైన కథ కావలసివచ్చినది. పిల్గ్రిములును వలసవారే గదా! ఆ విధముగా కథ బడికెక్కినది. అదే కాలమున, 1890లో, వూండెడ్ నీ యొద్ద సైనికులు వందలాది ఆదివాసులను స్త్రీలనక బిడ్డలనక కాల్చిచంపిరి. బయట నిజమైన ఆదివాసిని నేలనుండి తరిమివేయుచు, లోపల కాగితపు ఆదివాసిని బల్లయొద్ద కూర్చుండబెట్టిరి.

ఈ కథను వినవలసినవారిలో వాంపనోగులును ఉండిరి. 1970లో, మేఫ్లవర్ వచ్చి 350 ఏండ్లయిన సందర్భమున, మాసచూసెట్స్ రాష్ట్రమువారు ఒక విందు ఏర్పరచి, వాంసుట్టా ఫ్రాంక్ జేమ్స్ అను వాంపనోగ్ పెద్దను ప్రసంగింప పిలిచిరి. ఆయన వ్రాసిన ప్రసంగమును ముందుగా చూచి, అందు సమాధులు తెరచుట, భూములు పోవుట మొదలగు సంగతులు ఉండుటచే, అది తగదని వేరొకటి చదువుమనిరి. ఆయన నిరాకరించెను. ఆ ఏటి థాంక్స్‌గివింగ్ నాడు ప్లిమత్‌లోని కోల్స్ హిల్ అను గుట్టపై ఆయనయు, ఆయన మిత్రులును జాతీయ సంతాప దినము జరిపిరి. నాటినుండి ఏటేట ఆ గుట్టపై అది జరుగుచునే యున్నది. పిలిచి బల్లయొద్ద కూర్చుండుమని, నోరు మాత్రము విప్పవద్దనిరి. పాత విందు కథ 1970లో మరియొకమారు నడచినదనవచ్చును.

ఇచట రెండవ పక్షము వారి తప్పును చెప్పవలెను. 1637లో కనెక్టికట్ ప్రాంతమున మిస్టిక్ అను చోట పీక్వాట్ జాతివారి గ్రామమును తగులబెట్టి వందలమందిని చంపిరి. అట్టి విజయములకు వలసరాజ్యములు కృతజ్ఞతా దినములు ప్రకటించిన మాట వాస్తవము. దానిని పట్టుకొని కొందరు నేటి పండుగ పుట్టినదే ఆ హత్యాకాండ నుండి యని బోధింతురు. ఇది సరికాదు. నేటి పండుగ అనేక పాయలు కలిసిన ఏరు: ఇంగ్లండులోని కోతల సంబరము, ప్రార్థనా దినములు, లింకన్ ప్రకటన, తరువాతి కల్పన. ఒక కత్తిరించిన కథకు బదులు మరియొక కత్తిరించిన కథను పిల్లలకిచ్చుట చికిత్స కాదు. పైగా, ఈ రెండవ కథలోను ఆదివాసి మరణించుటకు తప్ప మరి దేనికిని కనిపింపడు.

మొదటి పక్షము వారి వాదములు రెండు. పసిపిల్లలకు రక్తపాతము చెప్పరాదనునది మొదటిది. ఇందు కొంత న్యాయమున్నది. అయిదేండ్ల బిడ్డకు కొయ్యపై తలను వర్ణించి చెప్పుమని ఎవరును కోరరు. కాని బాధ కలిగించు కథను పిల్లలు భరింపలేరనుట పిల్లలను ఎరుగని మాట. తెలుగింటి పిల్లలు ఏకలవ్యుని కథ వినియే పెరుగుచున్నారు. అతడు మట్టిబొమ్మను గురువుగా నిలుపుకొని విలువిద్య నేర్చెనని చెప్పి, బొటనవ్రేలి మాట విడిచి కథ ముగించు తాత తెలుగునాట లేడు. వ్రేలు తెగినదని విన్న బిడ్డ ఒక్క క్షణము మౌనము వహించును. పిమ్మట ఎందుకని అడుగును. ఆ ‘ఎందుకు’ అను ప్రశ్నతోనే బిడ్డకు ధర్మాధర్మ వివేచన మొదలగును. దానిని అడుగనీయని కథ ఎంత తీయనిదైనను చదువు కాదు.

ఇట్టి బోధ పిల్లలలో అపరాధభావము కలిగించుననునది రెండవ వాదము. 2021లో ఓక్లహోమా మొదలగు రాష్ట్రములు, జాతి కారణముగా ఏ విద్యార్థియు అపరాధభావము పొందవలెనని బోధింపరాదని చట్టములు చేసినవి. అక్షరమును బట్టి చూచిన ఆ మాటలో తప్పులేదు. తాతల పాపము మనుమనికి అంటదు. కాని తాతల ఇల్లు మనుమనికి వచ్చును. ఆ ఇల్లు ఎవరి స్థలమున కట్టిరో తెలిసికొనుట శిక్ష కాదు, బాధ్యత. చట్టమునకు జడిసి ఉపాధ్యాయుడు ఆ స్థలము పేరే ఎత్తకుండినచో, ఒక బిడ్డ మనసు నొవ్వకుండుటకు మరియొక బిడ్డ చరిత్రను త్రొక్కిపెట్టినట్లగును. ఆ రెండవ బిడ్డ అదే తరగతిలో అదే బల్లవెనుక కూర్చుండి యున్నాడను సంగతి మరువరాదు.

మరి ఎట్లు బోధింపవలెను? మార్గము లేకపోలేదు. మొదటి తరగతి బిడ్డకు ఆ ఊరి అసలు పేరు పటక్సెట్ అని, అచటివారు వాంపనోగులని, మొక్కజొన్న వారి కృషి యని, వారు నేటికిని ఆ తీరముననే జీవించుచున్నారని చెప్పిన చాలును. నాలుగవ తరగతిలో మహామారిని గూర్చి, టిస్క్వాంటం ప్రయాణమును గూర్చి చెప్పవచ్చును. పైతరగతులలో విన్‌స్లో పేరాను చేతికిచ్చి, ఇందున్నదేమి, లేనిదేమి యని అడుగవచ్చును. మెటకామ్ యుద్ధమును చదివింపవచ్చును. విందు ఈ పాఠములో ఉండవలసినదే. రెండు జాతులు మూడు దినములు కత్తులు దూయక కలిసి భుజించుట చిన్న విషయము కాదు. తరువాత జరిగినది తెలిసినవానికే ఆ మూడు దినముల విలువ తెలియును.

ఇది కేవలము కోరిక కాదు, జరుగుచున్న పని. మోంటానా రాష్ట్రము 1972లో తన రాజ్యాంగముననే ఆదివాసుల సంస్కృతిని విద్యలో గుర్తించి, 1999లో అందరు విద్యార్థులకు ఆ బోధ కలుగునట్లు శాసనము చేసినది. వాషింగ్టన్ రాష్ట్రము 2015లో తమ ప్రాంతపు తెగల చరిత్రను బడులలో తప్పనిసరి చేసినది. ప్లిమత్‌లో 1947లో వెలసిన వలసవారి ప్రదర్శనశాల 2020లో తన పేరులో పటక్సెట్ అను మాటను చేర్చుకొనినది. వాంపనోగ్ భాష మాటలాడువారు లేక తరములుగా మూగవోయియుండగా, 1993 నుండి జెస్సీ లిటిల్ డో బేర్డ్ అను వాంపనోగ్ మహిళ దానిని తిరిగి పలికించుటకు పూనుకొనెను. 1663లో ఆ భాషలో అచ్చయిన బైబిలు ఆ కృషికి ఒక ఆధారమైనది. మతము మార్చుటకు అచ్చొత్తిన పుస్తకము భాషను బ్రతికించుటకు ఉపకరించినది. చరిత్రను పూర్తిగా చెప్పినచో అందు దుఃఖమే కాదు, ఇట్టి ఆశ్చర్యములును ఉండును.

ఈ విషయము తెలుగువారికి దూరమైనది కాదు. అమెరికాలో స్థిరపడిన వేలాది తెలుగు కుటుంబముల బిడ్డలు ఆ బడులలోనే చదువుచున్నారు. కాగితపు టోపీనో, ఈకల కిరీటమునో ధరించి ఇల్లు చేరిన బిడ్డను చూచి ముచ్చటపడి ఛాయాచిత్రము తీసి తాతయ్యకు, అమ్మమ్మకు పంపు తలిదండ్రులు కలరు. ఆ బిడ్డ పిల్గ్రిముల సంతతి కాదు, వాంపనోగుల సంతతియు కాదు. కాని అతడును ఆ నేలపై ఇల్లు కట్టుకొనినవాడే. కథలో అతనికిని పాలు కలదు. ఇక స్వదేశమున తెలుగు పుస్తకములు ఆ జాతులను తరములుగా ‘రెడ్ ఇండియనులు’ అనియే వ్రాసినవి. భారతదేశము చేరితినని భ్రమించిన కొలంబసు పొరపాటును, దానిపై చర్మపు రంగును పులిమి, నిజమైన భారతీయులే పలుకుట ఎంత వింత! వాంపనోగ్, నారగాన్సెట్, పీక్వాట్ అను పేర్లు తెలుగు నోటికి కష్టమైనవి కావు. ఆ పేర్లను నేర్పుటతో పాఠము మొదలుపెట్టవచ్చును.

పండుగ మానుకొనవలెనని వాంపనోగులందరును కోరుట లేదు. కోతల వేళ కృతజ్ఞత తెలుపుట ఐరోపావారు రాకముందే వారికి పరిపాటి. వారి తగవు పండుగతో కాదు, మరపుతో. తెలుగు బిడ్డ ఇంటికి వచ్చి థాంక్స్‌గివింగ్ అనగా ఏమని అడిగినచో తలిదండ్రులు కృతజ్ఞత యని చెప్పుదురు. ఆ మాటను విప్పి చూచిన తగవు తీరు దారి అందే కనిపించును. కృతమనగా చేయబడినది, జ్ఞత యనగా ఎరుగుట. చేసినదానిని ఎరిగియుండుటయే కృతజ్ఞత. ఎవరు పాతరలో గింజలు దాచిరో, ఎవరు నాటుట నేర్పిరో, పిదప వారికి ఏమి జరిగినదో ఎరుగక పలికిన ధన్యవాదము నోటి మాటయే యగును. నవంబరు నాలుగవ గురువారమున బల్లచుట్టు చేరినవారు భోజనమునకు ముందు ఆ ఎరుకకు ఒక్క నిమిషము కేటాయించినచో విందు రుచి తగ్గదు.